మా గొలుసుకట్టు చెరువులకు వెబ్ మ్యాప్ తయారుచేసిన ఎనిమిది నెలలు

మాది జనగామ జిల్లాలో ఒక ఊరు. ఊరికి పైన కుంటలు, ఊరి పక్కన పెద్ద చెరువు, కింద ఇంకా చెరువులు. పైది నిండి మత్తడి (చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం) పోస్తే ఆ నీళ్లు కింది దాంట్లోకి పోతాయి. అది నిండితే ఇంకా కిందికి. 2023 వానాకాలంలో బాపు ఫోన్ చేసి "ఎర్రకుంట మత్తడి దుంకుతుంది బిడ్డా, ఇగ రేపోమాపో పెద్ద చెరువు కూడా నిండుతది" అన్నాడు. నేను హనుమకొండలో ఉంటాను. ఆ నీళ్లు ఏ దారిన వస్తాయో చూద్దామని ఫోన్‌లో మ్యాప్ తెరిచాను. పెద్ద చెరువు నీలం మచ్చలా కనిపించింది కానీ పేరు లేదు. ఎర్రకుంట అసలే లేదు. బాపు పొలానికి నీళ్లిచ్చే కుంట మ్యాపులో లేకపోవడం నాకు చాలా బాధేసింది. మన చెరువుల మ్యాపు మనమే ఎందుకు చేసుకోకూడదు అన్న ఆలోచన ఆ రాత్రే వచ్చింది.

నేను చదివింది బీకాం, చేసేది అకౌంట్స్ పని. ఎక్సెల్ బాగా వచ్చు, ప్రోగ్రామింగ్ రాదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక గంటన్నర కూర్చుని నేర్చుకున్నాను. మొదట అర్థం చేసుకున్నది టైల్స్ సంగతి. వెబ్ మ్యాప్ ఒకే పెద్ద బొమ్మ కాదు. 256 పిక్సెళ్ల చదరపు ముక్కలు పక్కపక్కన పేర్చితే మ్యాప్ అవుతుంది. సున్నా జూమ్‌లో ప్రపంచమంతా ఒకే ముక్క. జూమ్ ఒకటి పెరిగితే ముక్కలు నాలుగు రెట్లు అవుతాయి. 15వ జూమ్‌కి వచ్చేసరికి ప్రపంచానికి 107 కోట్లకు పైగా ముక్కలు. మన ఫోన్ అందులో తెరకు కావలసిన కొన్నింటిని మాత్రమే తెచ్చుకుంటుంది. ఇది తెలిశాక సగం భయం పోయింది.

అడుగున వేసే మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నాను. 2004లో మొదలైన ఈ మ్యాపులో ఎవరైనా తమ ఊరి వివరాలు చేర్చవచ్చు. వాడుకున్నవాళ్లు ఆ పేరును మ్యాప్ మూలన తప్పకుండా చూపించాలి. దాని మీద మన గీతలు, చుక్కలు గీయడానికి లీఫ్‌లెట్ అనే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, తీసుకున్నాను. కీవ్ నగరానికి చెందిన వొలొదిమిర్ అగాఫొంకిన్ దీన్ని 2011లో విడుదల చేశాడు. సైజు 42 కేబీ మాత్రమే, ఊళ్లో సిగ్నల్ సరిగ్గా లేకపోయినా తెరుచుకుంటుంది. నా ఎంపికకు అదే కారణం.

మొదటి రోజు తెల్ల పేజీ తప్ప ఏమీ రాలేదు. కోడ్ అంతా సరిగ్గానే ఉంది. మ్యాప్ పెట్టే పెట్టెకు ఎత్తు చెప్పకపోతే దాని ఎత్తు సున్నా అవుతుందని రెండు రాత్రుల తర్వాత తెలిసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇదే చూసుకోండి.

తర్వాత ఎర్రకుంటకు చుక్క పెట్టాను. అది మా ఊళ్లో లేదు. జూమ్ వెనక్కి తీసుకుంటూ పోతే ఉత్తర ధ్రువం దగ్గర, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో కనిపించింది. మా ప్రాంతం అక్షాంశం 17.7, రేఖాంశం 79.2 చుట్టుపక్కల ఉంటుంది. లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందు చెప్పాలి. చెరువుల వివరాలు రాసిపెట్టుకునే జియోజేసన్ ఫైల్‌లో మాత్రం రేఖాంశం ముందు రావాలి. ఫైల్‌లోంచి అంకెలు అదే వరుసలో ఎత్తి లీఫ్‌లెట్‌కు ఇచ్చాను. అది 79.2ని అక్షాంశం అనుకుని అక్కడి మంచు దీవుల్లో పెట్టింది. ఇప్పుడు ఏ ఫైల్ తెరిచినా ముందు ఒక్క చుక్క పెట్టి చూస్తాను, అది మా ఊళ్లో పడ్డాకే మిగతా పని.

చెరువుల హద్దులు గీయడానికి క్యూజీఐఎస్ వాడాను. మ్యాపులు గీయడానికి, కొలవడానికి ఉచితంగా దొరికే మంచి సాఫ్ట్‌వేర్. పేర్లు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను కాబట్టి ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. గీసిన హద్దులను మొదట షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్‌లో దాచాను, అందులో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు కూడా మూడేసి బైట్లు పడతాయి. "చెరువు పేరు" అని రాసిన కాలమ్ "చెర" దగ్గరే తెగిపోయింది. జియోప్యాకేజ్ అనే ఫార్మాట్‌కు మారాక ఆ బాధ తప్పింది. తెలుగులో డేటా పెట్టేవాళ్లు షేప్‌ఫైల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది విస్తీర్ణం. పెద్ద చెరువు శిఖం, అంటే చెరువు లోపలి భూమి, 60 ఎకరాలని బాపు చిన్నప్పటి నుంచీ చెబుతాడు. నా లెక్క 66 దాటింది. హద్దు తప్పు గీశానేమోనని మూడుసార్లు చెరిపి గీశాను. ప్రతిసారీ అంతే. చివరికి తెలిసిందేమంటే, నేను లేయర్‌ను వెబ్ మెర్కేటర్ అనే, గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిలో సేవ్ చేసి, ఆ చదును మ్యాపు మీదే వైశాల్యం కొలుస్తున్నాను. వెబ్ మ్యాపులు ఎక్కువగా వాడే ఈ పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేల సాగి కనిపిస్తుంది. మన తెలంగాణ అక్షాంశం దగ్గర వైశాల్యం దాదాపు 11 శాతం ఎక్కువ వస్తుంది. యూటీఎం అనే, భూమిని జోన్లుగా విడదీసి కొలతలు దాదాపు సరిగ్గా ఉంచే పద్ధతిలో మనకు వర్తించే 44 ఉత్తర జోన్‌లోకి మార్చి కొలిస్తే 60కి కొంచెం తక్కువ వచ్చింది. బాపుకు ఫోన్ చేసి చెప్పాను. "నేను చెప్తనే ఉన్న కదా" అన్నాడు. ఆరెకరాల తేడా చిన్నదేం కాదు. శిఖం భూమి మీద గొడవలు నడిచే ఊళ్లలో తప్పు అంకె వేసిన మ్యాపు ఎవరి చేతిలోనైనా పడితే నష్టమే. అందుకే వెబ్ మెర్కేటర్‌ను చూపించడానికే వాడుతున్నాను. కొలవడానికి మాత్రం వాడను.

హద్దు గీయడానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు చూశాను. ఒక్కో పిక్సెల్ పది మీటర్లు, సుమారు ఐదు రోజులకోసారి కొత్త చిత్రం, అదీ ఉచితం. కానీ అక్టోబర్ చిత్రంలో నీళ్లు ఒకచోటి దాకా ఉన్నాయి, మే చిత్రంలో తూము ముందు మడుగు మాత్రమే మిగిలింది. ఏది చెరువు? ఇది సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. ఆదివారం ఊరికి వెళ్లి నీరటి తాతను అడిగాను. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఆ చెరువు తూములు ఎత్తి దించినవాడు.

తాత నన్ను కట్ట మీద నడిపించుకుంటూ మత్తడి దాకా తీసుకెళ్లాడు. మత్తడి రాయి మీద చెయ్యి పెట్టి "గిది చూసినవా? నీళ్లు ఉన్నకాడికే చెరువు కాదు బిడ్డా. గీ రాయి మీదికెళ్లి నీళ్లు దుంకేటప్పుడు వెనక ఎక్కడి దాంక పారుతయో గదంత చెరువే" అన్నాడు. వెనక్కి తిరిగి దూరంగా ఈత చెట్ల వరుస చూపించాడు. ఆ వరుస ఇవతల ఎండాకాలం పుచ్చకాయ వేసుకుంటారు, వానాకాలం అది నీళ్ల కిందే. ఆఫీసు భాషలో ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు పూర్తిగా నిండిన మట్టం) అనేది ఇదే. తాత చెప్పింది ఇంకా సులువుగా అర్థమైంది. ఆ చెట్ల వెంట ఫోన్ జీపీఎస్ పెట్టుకుని ఇద్దరం నడిచాం. ఉపగ్రహ చిత్రం మీద వేసి చూస్తే, నేను అక్టోబర్ నీళ్లను బట్టి గీసిన హద్దు పడమర వైపు చాలా లోపలికి ఉంది. అంతా మళ్లీ గీశాను. బాపుకు చెప్పిన లెక్క కూడా మారింది. 60 దాటి ఇంకో రెండెకరాలు వచ్చింది. ఈసారి ఆ అంకెను బాపు మాటతో సరిపెట్టాలని చూడలేదు. మత్తడి మట్టానికి కొలిచినది అని రాసి అలాగే ఉంచాను.

2015లో చెరువులను బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకు వచ్చాయి. మా చెరువు పూడిక మట్టి బాపు కూడా ట్రాక్టర్‌తో పొలానికి తోలుకున్నాడు. అన్ని వేల చెరువుల్లో ప్రతిదానికీ ఊరివాళ్లు పిలిచే పేరు, తూములకు వేరే పేర్లు ఉంటాయి. మా ఒక్క చెరువుకే పెద్ద తూము, నడి తూము, గుడి తూము ఉన్నాయి. అవి తాత నోట్లో ఉన్నాయి, ఏ మ్యాపులోనూ లేవు. నా మ్యాపులో విలువైనది ఏదైనా ఉందంటే అది ఈ పేర్లే.

మ్యాప్ నున్నగా జూమ్ అవుతుందని మధ్యలో మ్యాప్‌లిబ్రే అనే ఇంకో లైబ్రరీకి మారాను. చూడ్డానికి చాలా బాగుంది. కానీ "ఎర్రకుంట" అన్న పేరులో ర కింద ఒత్తు కుదరలేదు, గుర్తులన్నీ విడివిడిగా నిలబడ్డాయి. అప్పట్లో ఆ లైబ్రరీ అక్షరాలను ఒక్కొక్కటిగా తెచ్చి పేర్చేది, ఒత్తులు కలిసే మన లిపులకు ఆ పద్ధతి పనికిరాదు. నెల రోజుల పని వదిలేసి లీఫ్‌లెట్‌కే తిరిగి వచ్చాను. అందులో పేరును మామూలు వెబ్ పేజీ అక్షరాల్లాగే పెట్టవచ్చు, కాబట్టి బ్రౌజరే ఒత్తులు సరిగ్గా కూర్చుతుంది. ఎంత నున్నగా కదిలినా, మా ఊరివాళ్లు చదవలేని మ్యాప్ నాకు వద్దు.

ఫైల్ సైజు తగ్గించడం మాత్రం ఒక సాయంత్రంలో అయిపోయింది. ఒక్కో అంకెకు పాయింట్ తర్వాత పదిహేను స్థానాలు ఉండేవి. ఐదు స్థానాలు ఉంచితే ఒక మీటరు దాకా సరిగ్గా ఉంటుంది, చెరువు హద్దుకు అది చాలు. ఫైల్ సగానికి పైగా తగ్గింది.

ఫిబ్రవరిలో పదకొండు చెరువులు, కుంటలు, వాటి మధ్య నీళ్లు పారే వాగుల మీద బాణం గుర్తులు, ఎనిమిది తూములు, ఐదు మత్తళ్లు మ్యాపులోకి వచ్చాయి. పెద్ద చెరువు, ఎర్రకుంట పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా తెలుగులో చేర్చాను. ఫోన్ తీసుకెళ్లి తాతకు చూపించాను. అద్దాలు తెచ్చుకుని ఒక్కో పేరు మీద వేలు పెట్టి బయటికి చదివాడు. గుడి తూము ఇంకో పది అడుగులు ఇవతలికి ఉండాలన్నాడు. అక్కడే నిలబడి జరిపాను. తర్వాత కింది చెరువుకూ ఎర్రకుంటకూ మధ్య ఖాళీగా ఉన్న చోటు చూపించి "గీడ చాకలి కుంట ఉండె" అన్నాడు. ఇప్పుడది పత్తి చేను. ఉపగ్రహ చిత్రంలో ఆనవాలు లేదు. తాత, బాపు కలిసి గట్టు మిగిలిన రెండు చోట్లు గుర్తుపట్టి చూపిస్తే, ఆ కుంటను చుక్కల గీతతో వేశాను.