బుండెస్‌లిగాలో ఆడని జర్మన్

ఆర్‌డీటీ మైదానానికి పొద్దున్నే ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చే పిల్లల్లో ఎవరినైనా అడిగి చూడండి, ముందుండి గోల్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడతామనే అంటారు. గోల్ కొట్టినవాడికే కదా చప్పట్లు! నేను కాలేజీ జట్టులో స్టాపర్‌ని, అంటే మన గోల్ ముందు అడ్డుగా నిలిచే డిఫెండర్‌ని. అందుకేనేమో మ్యాచ్ చూస్తున్నా నా కళ్లు వెనకవాళ్ల మీదే ఉంటాయి. వాళ్లలో నాకు మరీ ఇష్టమైనవాడు రాబర్ట్ హుత్.

1984లో తూర్పు బెర్లిన్‌లో పుట్టాడు. గోడ కూలేనాటికి ఐదేళ్లవాడు. యూనియన్ బెర్లిన్ కుర్రాళ్ల జట్టు నుంచి 2001లో నేరుగా లండన్ క్లబ్ చెల్సీకి వెళ్లాడు. ఇక అంతే, ఆటంతా ఇంగ్లండ్‌లోనే. మూడుసార్లు ఇంగ్లిష్ లీగ్ గెలిచిన ఈ జర్మన్, సొంత దేశపు పెద్ద లీగ్ బుండెస్‌లిగాలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

పదిహేడేళ్ల వయసులో అతన్ని చెల్సీ తరఫున మొదటిసారి బరిలోకి దింపింది కోచ్ క్లాడియో రానియెరి. ఈ పేరు గుర్తుంచుకోండి. తర్వాత కోచ్‌గా మౌరీన్యో వచ్చాడు, వరుసగా రెండు టైటిళ్లు వచ్చాయి. కానీ అదే స్థానంలో తనకంటే ముందు టెర్రీ, కార్వాల్యో ఉండగా హుత్‌కు వంతు ఎప్పుడోగానీ వచ్చేది కాదు. 2006లో మిడిల్స్‌బ్రోకు, 2009లో స్టోక్‌కు మారాడు. స్టోక్‌లో కోచ్ టోనీ పులిస్ ఆట అతనికి అతికినట్టు సరిపోయింది. జట్టులోని డెలాప్ గీత బయట నుంచి చేతులతో విసిరే త్రో పెనాల్టీ బాక్సులో పడుతుంటే, తల పెట్టడానికి హుత్ లాంటి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే కావాలి. 2011 ఎఫ్ఏ కప్ సెమీఫైనల్‌లో బోల్టన్ మీద 5-0తో గెలిచినప్పుడు ఒక గోల్ అతనిది. ఫైనల్ మాత్రం మాంచెస్టర్ సిటీ ఎగరేసుకుపోయింది.

2015 ఆరంభంలో లెస్టర్‌కు అరువు మీద వచ్చేసరికి ఆ జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. కింది లీగ్‌కు జారిపోకుండా ఎలాగో గట్టెక్కింది. ఆ వేసవిలో కొత్త కోచ్‌గా ఎవరొచ్చారనుకున్నారు? అదే రానియెరి! గోల్ ఇవ్వకుండా ఒక మ్యాచ్ ముగిస్తే పిజ్జా తినిపిస్తానని ఆటగాళ్లకు ఆశ పెట్టాడు. అక్టోబరులో క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో గెలిచి వాళ్లు పిజ్జా సంపాదించుకున్నారు. తీరా వెళితే, ఎవరి పిజ్జా వాళ్లే చేసుకోవాలన్నాడట. పెద్దాయన పెద్దాయనే.

2016 జనవరిలో టోటెన్‌హామ్ మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక వచ్చింది. 83వ నిమిషం, 0-0. లెస్టర్ ఆటగాడు ఫుక్స్ కార్నర్ కొట్టాడు. హుత్ పరుగున వచ్చి నుదుటితో ఒక్క మోత మోదాడు, బంతి వలలో పడింది. ఫిబ్రవరి 6, శనివారం సాయంత్రం, మాంచెస్టర్ సిటీ మీద వాళ్ల మైదానంలోనే. టవర్ క్లాక్ దగ్గర నా జిరాక్స్ కొట్టులో కట్టలు సర్దుతూ టీవీ పెట్టుకున్నాను. మూడో నిమిషంలోనే సహచరుడు మహ్రేజ్ ఫ్రీకిక్‌కు కాలు అడ్డం పెట్టి ఒకటి, గంట దాటే వేళకు కార్నర్ నుంచి తలతో ఇంకొకటి. రెండోది గోల్‌కీపర్ హార్ట్ మీదుగా విల్లులా వంగి దిగింది. 3-1. జిరాక్స్‌కు వచ్చినాయన తన కాగితాల సంగతి మరచి నా పక్కన నిలబడ్డాడు. ఆ సీజన్‌లో లీగ్‌లో హుత్ కొట్టినవి మూడే గోల్స్, ఆ మూడూ ఈ రెండు మ్యాచ్‌ల్లోనే. టైటిల్ పోటీలో ఉన్న జట్ల మీద, వాళ్ల సొంత మైదానాల్లో. లెస్టర్ లీగ్ గెలిస్తే పందేలు కట్టించుకునే కంపెనీలు ఒకటికి ఐదు వేలు ఇస్తామన్న ఏడాది అది, గెలిచేసింది కూడా.

మా అక్క కొడుకు మాత్రం ఒప్పుకోడు. "మామా, బంతి కాళ్ల దగ్గర ఉంచుకోవడం రాదు అతనికి. ఇప్పటి కోచ్‌లు ఎవరూ తీసుకోరు" అంటాడు. ఇప్పటి డిఫెండర్లు గోల్‌కీపర్ ముందు చిన్న చిన్న పాసులాడుతుంటే నాకు గుండె దడ. ముందు బంతిని అక్కడి నుంచి పంపించు నాయనా, తర్వాత సొగసు చూద్దాం.

జర్మనీకి అతను ఆడింది 19 మ్యాచ్‌లే. 2006 ప్రపంచకప్‌లో ఈక్వడార్ మీద, పుట్టిన ఊరు బెర్లిన్‌లోనే ఆడాడు. 2009 తర్వాత పిలుపు రాలేదు. లెస్టర్ ఛాంపియన్ అయిన వేసవిలో, యూరప్ దేశాల కప్ యూరో 2016కు కూడా జర్మనీ కోచ్ యోఆకిమ్ లోవ్ పిలవలేదు. ఫ్రాన్స్‌తో సెమీఫైనల్‌కు జర్మనీ డిఫెండర్లలో హుమెల్స్ నిషేధంలో ఉన్నాడు, బోటెంగ్ మధ్యలో గాయపడి వెళ్లిపోయాడు. అతని బదులు వచ్చిన ముస్తాఫీని ఫ్రాన్స్ ఆటగాడు పోగ్బా ఎడమవైపు ఆడించి మరీ బంతిని లోపలికి పంపితే గ్రీజ్‌మన్ రెండో గోల్ కొట్టాడు. అక్కడ హుత్ ఉండి ఉంటే ఆ బంతిని ప్రేక్షకుల్లోకి తన్నేవాడని నేనంటాను. పోగ్బా అతన్నీ అలాగే ఆడించేవాడని మా వాడంటాడు.