నూరేళ్లు నిండని బడి

ఫిలడెల్ఫియాలో జర్మన్‌టౌన్ హైస్కూల్ పాత బిల్డింగ్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది. 1914లో మొదలైన సర్కారు బడి. 2013లో మూసేశారు. ఇంకొక్క ఏడాది ఆగితే నూరేళ్ల పండగ చేసుకునేవాళ్లు!

ఆ మార్చిలో ఒక్క మీటింగులోనే ఊళ్లో 23 సర్కారు బళ్లు మూసేయాలని ఓటేశారు. ఓటేసిందేమో అప్పట్లో ఊరి సర్కారు బళ్లను నడిపిన కమిషన్, అది జనం ఎన్నుకున్నది కాదు. డబ్బుల్లేవు, పిల్లలు తగ్గారు, చార్టర్ స్కూళ్లకు (సర్కారు డబ్బుతో వేరేవాళ్లు నడిపే బళ్లు) పోతున్నారు అన్నారు. లెక్క నిజమే, కాదనను. కానీ ఇక్కడి పిల్లల్లో చాలామందిని పంపింది ఎక్కడికో తెలుసా? ఆటల్లో ఏళ్ల తరబడి ప్రత్యర్థి అయిన మార్టిన్ లూథర్ కింగ్ హైస్కూల్‌కి! నిన్నటిదాకా ఢీకొన్న కుర్రాళ్లు ఆ ఏడే ఒకే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. పిల్లలు కాబట్టి సర్దుకున్నారు. ఓటేసిన పెద్దలైతే పక్క ఆఫీసు వాళ్లతో ఒక టేబుల్ పంచుకోమన్నా గొడవే.