డిప్లొమా మీద తెలుగుకు గుర్తింపు: మా అమ్మాయి పరీక్ష అనుభవం

మేముంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలో, హైస్కూల్ పూర్తిచేసే విద్యార్థి ఇంగ్లీషుతో పాటు మరో భాషలో కూడా తగిన ప్రావీణ్యం చూపిస్తే 'సీల్ ఆఫ్ బైలిటరసీ' అనే గుర్తింపు ఇస్తారు. ఆ రెండో భాష బడిలో నేర్పేదే కానక్కరలేదు. ఇక్కడి మూలవాసుల భాషలకూ, అమెరికన్ సంజ్ఞా భాషకూ, మన తెలుగుకూ ఈ అవకాశం ఉంది. రెడ్‌మండ్ చుట్టుపక్కల ఇన్ని తెలుగు కుటుంబాలున్నా ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు నాకు తక్కువగానే కనిపించారు కనుక, మా అమ్మాయి విషయంలో జరిగినదంతా రాస్తున్నాను.

ద్విభాషా బోధనను 1998లో ఓటు ద్వారా బాగా కట్టడి చేసిన కాలిఫోర్నియాయే 2011లో ఈ గుర్తింపుకు మొదటి చట్టం చేసింది. వాషింగ్టన్‌లో 2014లో వచ్చింది.

పదో తరగతిలో స్కూల్ కౌన్సెలర్‌ను అడిగితే, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతపు బడులను నడిపే సంస్థ) వాళ్లు నిర్వహించే భాషా పరీక్షకు పేరు నమోదు చేయించారు. తెలుగుకు ఉన్నది అవంత్ సంస్థవారి 'స్టాంప్ డబ్ల్యూఎస్'. అందులో నిత్యజీవితంలోని ఏదో ఒక సందర్భం ఇచ్చి, దాని గురించి కంప్యూటర్‌లో తెలుగులో టైపు చేయమంటారు, మాట్లాడి రికార్డు చేయమంటారు. చదివి అర్థం చేసుకోవడాన్ని పరీక్షించరు. అది నాకు వెలితిగానే అనిపించింది.

గుర్తింపు రావాలంటే 'ఇంటర్మీడియట్ మిడ్' స్థాయి, అంటే భాషా ప్రావీణ్యంలో మధ్యస్థ దశలోని నడిమి మెట్టు, అందుకోవాలి. మా అమ్మాయి వారాంతపు తెలుగు బడికి వెళ్లింది, వేమన పద్యాలు తడుముకోకుండా చెబుతుంది. అయితే ఈ పరీక్షకు కావలసింది సొంత మాటలను వాక్యం తర్వాత వాక్యంగా అల్లుకుంటూ చెప్పగలగడం. ఇంట్లో మనం తెలుగులో అడుగుతాం, పిల్లలు "తిన్నాను", "వస్తున్నా" అని ఒక్క ముక్కలో సరిపెడతారు, ఆ పై మాట ఇంగ్లీషులోకి జారిపోతుంది. మనకు అర్థమవుతుంది కాబట్టి దాన్ని అక్కడితో వదిలేస్తాం. అందుకే సాధనను తెనాలిలో ఉన్న మా అమ్మకు అప్పగించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. మంచు పడితే బడి రెండు గంటలు ఆలస్యంగా ఎందుకు మొదలవుతుందో, అలాంటప్పుడు బస్సు ఏ దారిన వస్తుందో అమ్మమ్మకు ఫోనులో వివరించాలంటే, ఎందుకంటే, అందువల్ల, ఒకవేళ అనే మాటలన్నీ మా అమ్మాయికి అవసరమయ్యాయి. బస్సు, స్కూలు వంటి మాటల్ని మార్చమని నేను ఒత్తిడి చేయలేదు, అవి మన తెలుగులో కలిసిపోయినవే.

మాటకన్నా టైపింగే ఎక్కువ శ్రమ పెట్టింది. ఒత్తులు, దీర్ఘాలు, ముఖ్యంగా 'క్ష', 'జ్ఞ' వంటివి కీబోర్డు మీద వెతుక్కోకుండా పడాలంటే, చేతిరాత ఎంత బాగున్నా విడిగా అలవాటు చేసుకోవలసిందే.

కావలసిన స్థాయి వచ్చింది. ఆ స్థాయికి మా డిస్ట్రిక్ట్ నాలుగు వరల్డ్ లాంగ్వేజ్ (ఇంగ్లీషు కాని భాషల) క్రెడిట్లు, అంటే చదువు పూర్తిచేసినట్టు లెక్కలో వేసే యూనిట్లు, ఇచ్చింది. హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కు కావలసిన 24 క్రెడిట్లలో ఈ విభాగానికి ఉన్నవి రెండే. ఇంగ్లీషు వైపు వేరే పరీక్షేమీ లేదు, గ్రాడ్యుయేషన్‌కు ఆ భాషలో ఉన్న నిబంధనలు పూర్తిచేస్తే చాలు. పన్నెండో తరగతి దాకా ఆగకుండా తొమ్మిదిలోనో పదిలోనో రాయించమని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను: స్థాయి అందకపోతే సాధన చేసి మళ్లీ రాయడానికి వ్యవధి ఉంటుంది, అందితే ఆ క్రెడిట్లను లెక్కలోకి తీసుకుని తర్వాతి ఏళ్ల సబ్జెక్టులు ఎంచుకోవచ్చు.