200 అడుగుల లోపు

మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి మెయిల్‌బాక్సులో పోస్టాఫీసు చీటీ ఉంది. సర్టిఫైడ్ మెయిల్ వచ్చింది, సంతకం పెట్టి తీసుకెళ్ళమని. అమెరికాలో సంతకం పెట్టి తీసుకునే ఉత్తరమంటే నాకు ఇప్పటికీ గుండె దడే. ట్యాక్సు వాళ్ళా, ఇమిగ్రేషన్ వాళ్ళా? రాత్రంతా టెన్షన్ పడి, పొద్దున్నే క్యూలో నిలబడి తెచ్చుకుంటే, ఎవరో లాయరు రాసిన రెండు పేజీలు. మా పెరటి కంచె అవతల మూతపడ్డ మొక్కల నర్సరీ స్థలంలో రెండంతస్తుల డాక్టర్ల ఆఫీసు కడతారట. అది ఇళ్ళకే కేటాయించిన జోన్ కాబట్టి యూజ్ వేరియన్స్, అంటే వేరే పనికి వాడుకోడానికి ప్రత్యేక అనుమతి, అడుగుతున్నారు. ఫలానా సాయంత్రం, అలాంటి అనుమతులు తేల్చే మా ఊరి జోనింగ్ బోర్డు ముందు విచారణ.

న్యూజెర్సీ చట్టం ప్రకారం ఆ స్థలానికి అన్ని వైపులా 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవాళ్ళకి కనీసం 10 రోజుల ముందు కబురు అందించాలి. స్వయంగా ఇవ్వాలి, లేదా సర్టిఫైడ్ మెయిల్లో పంపాలి. ప్లాన్లు కూడా 10 రోజుల ముందే మునిసిపల్ ఆఫీసులో చూడ్డానికి పెట్టాలి. ఇదంతా కట్టేవాళ్ళ పనే. నోటీసు సరిగ్గా ఇవ్వకపోతే బోర్డుకి ఆ దరఖాస్తు వినే అధికారమే ఉండదు.

ఇంత పకడ్బందీగా ఉంది కదా అనుకుంటే, మా వీధి చివర ఉండే వదినకి ఉత్తరం రాలేదు. ఫోన్లో మ్యాప్ పెట్టి కొలిస్తే వాళ్ళ హద్దు 230 అడుగుల దగ్గర తేలింది. "30 అడుగుల తేడాకి మాకు ట్రాఫిక్ తగ్గుతుందా ఏంటి?" అంది వదిన. పక్కింట్లో అద్దెకుంటున్నావిడకీ రాలేదు. పన్ను రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్ళకే పంపుతారు. రేపు పునాదుల చప్పుడు వినేది ఈవిడ, ఉత్తరం అందుకున్నది టెక్సాస్‌లో ఉంటున్న ఇంటాయన.

నాన్నకి ఫోన్ చేసి చెబితే నవ్వారు. హైదరాబాద్ శివార్లలో మా ఇంటి పక్క తోటకి భూ వినియోగ మార్పిడి అయినప్పుడు పేపర్లో ఓ మూల ప్రకటన వేశారట, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పమని. నిండా సర్వే నంబర్లూ, ఉత్తరాన ఇది, దక్షిణాన అది అని హద్దులూ. "మనకది సీతాఫలాల తోట. సర్వే నంబర్ ఎవడికి గుర్తుంటుందే? జేసీబీ వచ్చాక తెలిసింది." ఆ ముక్క నాకు బాగా తగిలింది. నా ఉత్తరంలోనూ బ్లాక్ నంబర్, లాట్ నంబర్ ఉన్నాయి. కింద 'పాత నర్సరీ' అని రాయకపోతే నేనూ పక్కన పడేసేదాన్నే.

అలా రాయడం వెనక ఓ కోర్టు కేసు ఉందని తర్వాత చదివాను. న్యూజెర్సీలోనే లేసీ టౌన్‌షిప్‌లో కె-మార్ట్ అనే పెద్ద దుకాణంతో షాపింగ్ సెంటర్ కట్టబోతూ, నోటీసులో మాత్రం కమర్షియల్ లాట్లు ఏర్పాటు చేస్తున్నామని సరిపెట్టారు. అది చెల్లదని 1996లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. అక్కడ ఏం రాబోతోందో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాలంది.

విచారణకి వెళ్ళాను. మా వాట్సాప్ గ్రూపు వాళ్ళు 90 సంతకాలతో ఓ కాగితం పట్టుకొచ్చారు. బోర్డు లాయరు తీసుకోనన్నాడు. సంతకం పెట్టినవాళ్ళు ఇక్కడ లేకపోతే వాళ్ళని ప్రశ్నలు అడిగేదెవరు అని. నిజమే కదా అనిపించింది, మావాళ్ళకి కోపమొచ్చినా. ముందు కట్టేవాళ్ళ ఇంజనీరు మాట్లాడాడు. ఆయన అయ్యాక జనం ప్రశ్నలు మాత్రమే అడగాలి, అభిప్రాయాలు చివర్లో ప్రమాణం చేసి చెప్పుకోవాలి. ఒకాయన లేచి పిల్లలూ భద్రతా అంటూ ఉపన్యాసం మొదలుపెడితే "ఇందులో ప్రశ్న ఏది?" అని కూర్చోబెట్టారు.

నేను ముందే మునిసిపల్ ఆఫీసుకెళ్ళి ప్లాన్ చూసొచ్చాను. పెద్ద కాగితం, దాన్నిండా చీమల్లా అక్షరాలు. ఓ మూల చిన్న చతురస్రం, పక్కన 'ట్రాష్' అని. సరిగ్గా మా గోంగూర మడి వెనక, కంచెకి 6 అడుగుల దూరంలో. లేచి ఒక్కటే అడిగాను. ఆ చెత్త డబ్బా అక్కడే ఎందుకు, దాన్ని తీసుకెళ్ళే లారీ ఎన్నింటికి వస్తుంది? ఇంజనీరు కాగితం తిప్పి చూసుకుని, లాయరు వైపు చూసి, రోడ్డు వైపుకి జరపగలమేమో చూస్తామన్నాడు.

ఏడుగురు సభ్యుల బోర్డులో ఇలాంటి వేరియన్స్‌కి 5 ఓట్లు కావాలి. ఆ రాత్రి ఓటింగ్ దాకా రాలేదు. పది దాటింది, వచ్చే నెలకి వాయిదా వేశారు. తేదీ మైకులో చెప్పారు, చెప్పారు కాబట్టి మళ్ళీ ఉత్తరాలు పంపక్కర్లేదట. బయటికొచ్చి కారులో కూర్చుని ముందు వదినకీ, పక్కింటి ఆవిడకీ ఆ తేదీ మెసేజ్ పెట్టాను.