ఫసలీ 1341 కాగితం ఎలా దొరికిందంటే

మాది ఒడిశాలోని బరంపురం. మా ముత్తాతా ఆయన తమ్ముడూ 1931లో ఒక కొబ్బరితోట పంపకం కోసం కోర్టుకెక్కి, మరుసటి ఏడు రాజీ పడ్డారు. తొంభై ఏళ్ళ తర్వాత ఆ తోటలో బాట ఎవరిదని పేచీ వచ్చింది. అటువాళ్ళూ ఇటువాళ్ళూ "కోర్టు కాగితంలో ఉంది" అంటారే గాని, ఆ కాగితాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. దాని నకలు కోసం నేను ఏడు నెలలు తిరిగాను. ఇలాంటి పాత కాగితాలున్న కుటుంబాలు మా సరిహద్దు జిల్లాల్లో చాలా ఉన్నాయి కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

వకీలు గారి గుమాస్తా మొదట అడిగింది దావా నంబరు. అమ్మ పెట్టెలో అడుగున, పట్టుచీర మడతల్లో పాత సమను ఒకటి దొరికింది. నంబరూ సంవత్సరమూ అందులో ఉన్నాయి. కోర్టు ఫీజు స్టాంపు అంటించి సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టాను. మూడు వారాలకు 'రికార్డు లభ్యం కాలేదు' అని రాసి తిప్పి పంపారు. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో వెతికినా ఏమీ రాలేదు. ఇప్పటి కేసులకైతే పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అది కొడితే చాలు. 1931 నాటి దావాకి అదెక్కడిది?

స్థిరాస్తి దావాలో డిక్రీ శాశ్వతంగా ఉంచాల్సిన కాగితం, పారేసి ఉండరు అని గుమాస్తా గారు ధైర్యం చెప్పారు. మళ్ళీ అప్లికేషన్ పెట్టాను, మళ్ళీ తిరిగొచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాగితం చెదలు తినేసిందేమోనని ఒకటే టెన్షన్.

మూడోసారి కోర్టు ఆఫీసు పెద్ద గుమాస్తా అయిన సిరస్తాదారు గారిని స్వయంగా కలిసి, సమను చూపించి బతిమాలాను. ఆయన మంచి మనిషి. పాత కట్టలు స్కాన్ చేసే గదికి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. కంప్యూటర్ ముందు పాతికేళ్ళ కుర్రాడు. నా ఒడియా యాస వినగానే "మీరు తెలుగువాళ్ళా అక్కా?" అన్నాడు. వాళ్ళింట్లోనూ తెలుగే, కాకపోతే చదువంతా ఒడియాలో సాగడంతో తెలుగు చదవడం రాదు.

1931 అని కొట్టాడు, 1932 అని కొట్టాడు. లేదు. ముత్తాత పేరులో 'అప్పల' అన్న ముక్కని ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసి చూశాడు. అదీ లేదు. అప్పుడు నాకెందుకో సమను వెనక పెన్సిల్‌తో రాసిన 'ఫ. 1341' గుర్తొచ్చింది. "బాబూ, సంవత్సరం దగ్గర 1341 కొట్టి చూడు" అన్నాను.

వచ్చింది. మా దావాతో పాటు ఇంకో పదకొండు దావాలు వచ్చాయి.

విషయం ఏమిటంటే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు ప్రావిన్సు అయ్యేదాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. శిస్తు లెక్కలు ఫసలీల్లో, అంటే జూలైలో మొదలయ్యే శిస్తు సంవత్సరాల్లో నడిచేవి. ఫసలీ 1341 అంటే 1931 జూలై నుంచి 1932 జూన్ దాకా. కట్టలో పైనున్న తెలుగు కాగితం మీద ఆ అంకె కనబడితే, ఇండెక్స్ రాసినవాళ్ళు దాన్నే దావా సంవత్సరంగా ఎక్కించేశారు. కాగితం భద్రంగానే ఉంది, స్కాన్ కూడా చక్కగా వచ్చింది. కానీ వెతికే మనిషికి మాత్రం అది లేనట్టే.

తెర మీద మొదటి పేజీ తెరిచాడు. పైన 'రాజీనామా' అని ఉంది. "ఉద్యోగం మానేసిన కాగితమా అక్కా?" అని అడిగాడు. ఆ రోజుల్లో రాజీ పత్రాన్నే అలా అనేవారని చెప్పాను. దాని కింద నుంచి నాకూ అర్థం కాలేదు. అంతా గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ పోయారు.

నకలు చేతికొచ్చాక ఇచ్ఛాపురం నుంచి మావయ్యని పిలిపించాను. ఆయనకి ఎనభై రెండు. కరణాల ఇంట పుట్టి, చిన్నప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని లెక్కలు రాసినవాడు. భూతద్దం పట్టుకుని, వేలు జరుపుకుంటూ పైకి చదివాడు: "తూర్పు చెరువు గట్టు... దక్షిణం ఉమ్మడి బాట... ఉమ్మడి అన్నారమ్మా, బాట ఇద్దరిదీనూ." అమ్మ అక్కడే ఏడ్చేసింది. తర్వాత రెండు భాషలూ వచ్చిన వకీలు ఒకాయన చేత ఒడియాలోకి తర్జుమా చేయించి, అఫిడవిట్ జతచేసి చిన్నతాత మనవళ్ళకు చూపించాం. వాళ్ళూ ఒప్పుకున్నారు.

నా మనసులో మాత్రం మిగతా పదకొండు దావాలు మెదులుతూనే ఉన్నాయి. కోర్టుల కంప్యూటరీకరణ పథకమైన ఈకోర్ట్స్ మూడో దశకి కేంద్రం 2023లో నాలుగేళ్ళకు గాను 7,210 కోట్లు మంజూరు చేసింది. అందులో 2,038.40 కోట్లు రికార్డుల స్కానింగుకీ డిజిటల్ భద్రతకీ. చాలా అవసరమైన పని, నేను మనస్ఫూర్తిగా హర్షిస్తాను. కానీ స్కాన్ చేసిన కట్టని మళ్ళీ విప్పేవాళ్ళు అరుదు. ఈరోజు ఇండెక్స్‌లో ఏం టైపు చేస్తామో, యాభై ఏళ్ళ తర్వాత కోర్టుకి గుర్తుండేది అదే. ముందుచూపంటే మెషీన్లూ సర్వర్లే అనుకుంటే సరిపోదు. గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళు మా వైపు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు, అందరూ పెద్ద వయసువాళ్ళు. సర్వర్‌ని పదేళ్ళ తర్వాతైనా కొనొచ్చు. వాళ్ళని పదేళ్ళ తర్వాత ఎక్కడ నుంచి తేగలం?

అదే విషయం అర్జీగా రాసి ఇచ్చాను. కాగితం ఏ భాషలో ఉందో ఇండెక్స్‌లో ఒక గడి పెట్టమని, ఫసలీ సంవత్సరానికి వేరే గడి ఉంచమని, పేరుని అసలు లిపిలో కూడా ఎక్కించమని, తెలుగు కట్టలు తెరిచే రోజుల్లో చదవగలిగిన పెద్దలని గౌరవ వేతనం మీద పిలవమని. సిరస్తాదారు గారు పూర్తిగా చదివి, అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ పన్నెండు దావాల సంవత్సరాలు సరిచేయడానికి పై అధికారికి నోట్ పెడతానన్నారు.

మావయ్య ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రం పూట నాకు గొలుసుకట్టు నేర్పుతున్నాడు. నిన్నటికి హద్దుల పేజీలో పడమర దాకా నేనే చదివాను.