మ్యాపులో కనబడని తలకోన

కాలేజీలో నేను చెప్పేది కంప్యూటర్ సైన్స్. శేషాచలం అడవుల్లోకి నన్ను లాక్కెళ్ళింది మా బోటనీ మేడమ్. ఆమెది వాతావరణ ఆశ్రయాల మీద పరిశోధన. చుట్టూ ఎంత వేడెక్కినా చల్లదనాన్నీ తేమనీ చాలాకాలం నిలబెట్టుకునే చోట్లను రెఫ్యూజియా అంటారు. మంచుయుగాల్లో చెట్లు, జంతువులు ఎక్కడ బతికి బయటపడ్డాయని వెతికినవాళ్ళ నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఇప్పుడు ముదురుతున్న ఎండలకు పనికొస్తోంది. మ్యాపుల పని, లెక్కల పని నాకు అప్పజెప్పారు. చలికాలంలో అటవీశాఖ అనుమతితో తలకోనలో పెట్టిన, గాలి వేడిని కొలిచే సెన్సర్లను తెచ్చుకోవడానికి మే నెలలో బయలుదేరాం.

తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట ఘాట్, నెరబైలు. దారంతా ఎండకు కొండలు పాలిపోయి ఉన్నాయి. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి చెట్ల కిందికి అడుగుపెట్టగానే ఒంటికి తెలిసిపోయింది. చెమట ఆరింది, చల్లగాలి తగిలింది. మా వెంట వచ్చిన స్టూడెంట్స్ ఇద్దరూ మాటలాపి తలెత్తి చూశారు. గిల్ల తీగ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి మెలికలు తిరుగుతూ పోయింది, మొదలేదో కొసేదో తెలియనంత పొడవు.

మేం వాడే వాతావరణ మ్యాపులో ఒక్కో గడి దాదాపు కిలోమీటరు. 270 అడుగుల జలపాతం, దాని కింది గుండం, పక్కన నిలువు బండలు, పైన మాడిపోయే మిట్ట, అన్నీ ఒకటి రెండు గడుల్లోనే అణిగిపోతాయి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులు 30 మీటర్ల గడుల్లో దొరుకుతున్నాయి కాబట్టి, లోయలో ఏ వేళకు నీడ ఎటు పడుతుందో లెక్క కట్టగలం. బండ చీలికలోని తడి మాత్రం దానికీ అందదు. అది తెలియాలంటే మనిషి నడిచి వెళ్ళి చెయ్యి పెట్టి చూడాల్సిందే.

మా సెన్సర్ చొక్కా గుండీకి కాస్త పెద్దది. నేరుగా ఎండ తగిలితే గాలి వేడికి బదులు తన వేడినే కొలుస్తుంది. అందుకని తెల్ల ప్లాస్టిక్ కప్పు బోర్లించి, పక్కల్లో గాలి ఆడేలా చిల్లులు పెట్టి, లోపల వేలాడదీశాం. ఒకటి ఎండ మిట్ట మీద, ఒకటి చెట్ల నీడలో, ఒకటి జలపాతం పక్క చీలికలో, ఇలా కొన్ని చోట్ల. నీడలోదాన్ని కోతులు పీకేశాయి. కప్పు ముక్క ఒక్కటే దొరికింది. పక్క సెన్సర్ల లెక్కతో ఆ ఖాళీ పూరించడం ప్రోగ్రాములో నిమిషం పని, ఆ మాటే అన్నాను. "వద్దు సార్. లేనిది లేనట్టే ఉండనీండి" అన్నారు మేడమ్. ఆ ఖాళీ అలాగే ఉంచాం. అదే సరైన పద్ధతని ఇప్పుడు నా నమ్మకం.

చీలికలో సెన్సర్ విప్పుతుంటే మాకు దారి చూపుతున్న అన్న టార్చి లోపలికి తిప్పాడు. బండకు అంటుకుని తెల్లటి గుడ్లు, గుంపుగా. బంగారు బల్లివి. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ బల్లి తర్వాత చాలాకాలం కనబడలేదు. 1980లలో తిరుమల కొండల్లో మళ్ళీ దొరికింది. చాలా బల్లులు కలిసి ఒకేచోట గుడ్లు పెడతాయట. గుడ్లను తాకకుండా, టార్చి ఆర్పేసి వెనక్కి జరిగాం.

మధ్యాహ్నం చెట్టు కింద లాప్‌టాప్ తెరిచాను. మిట్ట మీది సెన్సర్ వేడి గీత పగలు నిట్టనిలువుగా లేచి, రాత్రికి దబ్బున పడుతోంది. చీలికలోది ఆ రోజులన్నీ దాదాపు అడ్డంగానే సాగింది. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, బండ నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. పాఠంలో చదివిన సంగతే అయినా, మన సెన్సర్‌లోంచి వచ్చిన గీతలో చూస్తే కలిగే సంతోషం వేరు.

అయితే అన్నిటికీ ఇలాంటి తడి గుహ అక్కర్లేదు. ఈ కొండలకే ప్రత్యేకమైన సైకస్ బెడ్డోమై అనే మొక్క ఎండ పడే గడ్డి వాలుల్లో పెరుగుతుంది. కాబట్టి ఏ జీవికి ఆశ్రయం అని అడక్కుండా మ్యాపు మీద పచ్చరంగు పులమడం తప్పు.

మా రంగంవాళ్ళతో ఇంకో మాట చెప్పాలి. జీవులు కనబడిన రికార్డులు ఎక్కువగా నడకదారుల పక్కవే. ఏ జీవి ఎక్కడ ఉండొచ్చో అంచనా కట్టే ప్రోగ్రాముకు వాటిని కలగలిపి కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు విడదీస్తే పరీక్ష పాయింట్ల పక్కనే నేర్పిన పాయింట్లు ఉంటాయి. ముందురోజే పేపరు చూసిన పిల్లాడికి నూటికి నూరు వచ్చినట్టే. ఒక లోయను పూర్తిగా పక్కనబెట్టి, మిగతా లోయలతో నేర్పి, దానిమీద పరీక్షించాలి. మార్కులు తగ్గుతాయి. ఆ తగ్గిన మార్కులే నిజం. అడవిని కాపాడేవాళ్ళ చేతికి మనం ఇవ్వాల్సింది అదే.

తిరిగొచ్చేటప్పుడు దారి చూపిన అన్న జలపాతం వైపు చూపించాడు. "పైన మిట్ట మీద వాన ఇంకితేనే ఈడ నీళ్ళు ఉండేది సార్. పైన అడివి కాలిపోతే కింద ఏముంటాది?" 2014 మార్చిలో తిరుమల అడవులు అంటుకున్నప్పుడు మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. మేం గీసుకున్న ఆశ్రయం హద్దు లోయ అంచు దగ్గరే ఆగిపోయింది. దానికి నీళ్ళిచ్చే మిట్ట బయట ఉండిపోయింది. జీపులో కూర్చునే ఆ హద్దును మిట్ట దాకా జరిపాను. అక్టోబరు వానలకు ముందే పైన సెన్సర్లు పెట్టాలి. అనుమతి దరఖాస్తు మేడమ్ భాకరాపేట వచ్చేలోపే ఫోనులో టైపు చేసేశారు.