ఇంట్లో చదివే పిల్లలకు ఏ సిలబస్? నల్లగొండలో మేము ఎంచుకున్న తీరు

గత రెండేళ్లుగా మా ఇద్దరు పిల్లలూ నల్లగొండలో మా ఇంట్లోనే చదువుకుంటున్నారు. అమ్మాయికి 11 ఏళ్లు, అబ్బాయికి 7. బడి మాన్పించిన కారణాల్లోకి ఎక్కువగా వెళ్లను. నాలుగో తరగతి పిల్ల రాత్రి తొమ్మిదిన్నర దాకా నోట్సు రాస్తూ రాస్తూ పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోవడం నేను చూడలేకపోయాను. మా అత్తమ్మ మాత్రం ఇప్పటికీ "పిల్లలను బడికి తోలకుంటే రేపు సర్టిఫికెట్ ఎట్ల వస్తది?" అని అడుగుతూనే ఉంటారు. ఆమె అడిగేది న్యాయమైన ప్రశ్న కాబట్టి ముందుగా దానికే జవాబు వెతుక్కున్నాం.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత తల్లిదండ్రులదేనని చెబుతుంది; ఇంటి చదువు గురించి అందులో ప్రత్యేకంగా ఒక్క మాటా లేదు. ఆ సంగతి తెలిసే మేము ఈ దారిలోకి వచ్చాం. 14 ఏళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే అందరూ ఎన్ఐఓఎస్ అని పిలిచే బోర్డు, ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అందులో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు, వాటిని అయిదేళ్లలో విడివిడిగానూ రాసుకోవచ్చు. మన రాష్ట్రానికి సొంత ఓపెన్ స్కూల్ కూడా ఉంది. పరీక్ష దారి ఇలా తెరిచే ఉన్నప్పుడు, అంతవరకూ ఏ పుస్తకాలతో చదివించాలన్నదే అసలు ప్రశ్న అని మాకు అర్థమైంది.

ఆ ప్రశ్న దగ్గరే నేను మొదటి ఏడాది పొరపాటు పడ్డాను. ఏ రోజు ఏ పాఠం చెప్పాలో, తల్లి ఏ వాక్యం పైకి చదవాలో కూడా రాసిపెట్టి ఉన్న ఒక విదేశీ సెట్టును ఖర్చుకు వెనకాడకుండా తెప్పించాను. అందులో నికెల్, డైమ్, క్వార్టర్ అనే అమెరికా నాణేల లెక్కలన్నీ తప్పు లేకుండా చేసిన మా అమ్మాయి, కిరాణా కొట్టులో 64 రూపాయల సరుకుకు 100 నోటు ఇచ్చి, తిరిగి ఎంత రావాలో చెప్పలేక నా ముఖం చూసింది. అంతకన్నా నన్ను బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. ఇంగ్లీషులో రాసి ఇచ్చిన వాక్యాలు చదువుతున్నంతసేపూ నేను నా పిల్లలతో మాట్లాడటమే మానేశాను. వాళ్లు కూడా ప్రశ్నలు అడగడం తగ్గించారు.

తరువాత మా ఇంటికి సరిపడినవి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే. 2022-23 నుంచి మన రాష్ట్రంలో వస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో ఉంటే, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు పేజీ చదివి, దాని మీద మాట్లాడుకుని, ఆ తరువాత ఇంగ్లీషు పేజీలోకి వెళితే మా పిల్ల ఏ మాట దగ్గరా బెదరడం లేదు. ఈ పుస్తకాలను చిన్నచూపు చూసే తల్లిదండ్రులు ఒక్కసారి తెరిచి చూడాలని నా మనవి. గణితానికి మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వేసే పుస్తకాన్ని కూడా తోడుగా పెట్టుకున్నాం. ఏ పుస్తకమైనా కొనే ముందు అందులో ఒక పాఠాన్ని ఉచితంగా దొరికే పీడీఎఫ్ నుంచి తీసి, వారం రోజులు పిల్లలతో కూర్చుని చెప్పి చూస్తున్నాను. ఆ వారం పిల్లలే నన్ను ప్రశ్నలు అడిగితే ఆ పుస్తకం మా ఇంట్లో ఉంటుంది.

వెలుగు, నీడల పాఠం అలాంటిదే. మా నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మరొకసారి వెళ్లి చూశాం. "అమ్మా, సూర్యుడు జరిగిండు గదా, నీడ ఎందుకు జరుగుతలేదు?" అని అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చాక తలుపులు మూసి, నీళ్ల సీసా ముందు టార్చి పట్టుకుని అటూ ఇటూ జరిపింది. టార్చి జరిగితే నీడా జరిగింది. కాబట్టి గుడిలోని నీడ నేరుగా ఎండ తగలడం వల్ల పడేది కాదనీ, చుట్టూ పరుచుకున్న వెలుతురు స్తంభాల మధ్య నుంచి లోపలికి రావడంలోనే ఏదో ఉందనీ తనంతట తానే నోటుబుక్కులో రాసుకుంది. ఆ రాత్రి పాఠం పుస్తకంలోని బొమ్మలు ఎవరూ చెప్పకుండానే తీసి చూసింది. ఆ గుడిని కుందూరు చోళులు కట్టించారన్న చరిత్ర, పక్కనే ఉన్న ఉదయసముద్రం చెరువు, ఇప్పుడు దాన్ని నింపుతున్న సాగర్ నీళ్లు, ఇవన్నీ ఆ నెల సాంఘికశాస్త్రంలోకి వచ్చి చేరాయి.

హిందీ దగ్గర మాత్రం మాకు ఇంకా పుస్తకం కుదరలేదు. మూడు పుస్తకాలు ప్రయత్నించాం. మూడింటిలోనూ పిల్లలు అక్షరాలు నేర్చారు కానీ నోరు విప్పలేదు. మాటల్లో హిందీకి దగ్గరగా ఉండే ఉర్దూ మాట్లాడే మా వీధి పెద్దమ్మ ఒకరు, సాయంత్రం అరగంట పిల్లలను తన దగ్గరకు పంపమని చెప్పారు. ఈ సోమవారం నుంచి వెళుతున్నారు. నిన్న మా అబ్బాయి ఇంటికి వచ్చి, మంచినీళ్లు కావాలని ఆ భాషలోనే అడిగాడు.